కొమ్ములో పేడ, సీసాలో వైన్: ఒక చిన్న ఫ్రెంచి తోటలో బయోడైనమిక్ సాగు లెక్క

ఫ్రాన్స్‌లోని పేరున్న వైన్లలో కొన్నిటి వెనుక, ఆవు కొమ్ములో పేడ నింపి శీతాకాలమంతా భూమిలో పాతిపెట్టే పద్ధతి ఉందన్న సంగతి విన్నప్పుడు చదివేవారిలో రెండు రకాల స్పందన కనిపిస్తుంది. గోవు విలువ పాశ్చాత్యులకు ఇన్నాళ్లకు తెలిసివచ్చిందని కొందరు సంబరపడతారు. డబ్బున్నవాళ్ల మూఢనమ్మకమని మరికొందరు నవ్వి వదిలేస్తారు. ఇద్దరి చూపూ కొమ్ము దగ్గరే ఆగిపోతుంది. ఆ కొమ్ము చుట్టూ ఉన్న సాగు పద్ధతి, దానికయ్యే ఖర్చు, దాన్ని పరీక్షించిన పరిశోధనలు చర్చలోకి రావు. ల్వార్ నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఎస్టేట్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ మిగతా లెక్కను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంక్షిప్తంగా: బయోడైనమిక్ సాగులో రెండు పొరలున్నాయి. రసాయన ఎరువులు, కలుపు మందులు మానేయడం, కంపోస్టు, పచ్చిక, పశువులు, చేతిపని మొదటి పొర. దీని ఫలితాలు కొలతకు అందాయి. కొమ్ము ఎరువు, చంద్రుడి పంచాంగం రెండో పొర. వీటికి విడిగా చెప్పుకోదగ్గ ప్రభావం ఉందని పరిశోధనలు నిర్ధారించలేదు. తోట చిన్నది, సీసా ధర పెద్దది అయినచోట మొదటి పొర బాగా పనిచేస్తుంది. తేమ ఎక్కువైన ఏడాది వచ్చే బూజు తెగులు మాత్రం రెండు పొరల్నీ పరీక్షకు పెడుతుంది.

ఏడు హెక్టార్ల వాలు

పశ్చిమ ఫ్రాన్స్‌లో ఆంజే నగరానికి కొద్ది దూరంలో, ల్వార్ ఉత్తర తీరాన సవెన్యేర్ అనే ఊరుంది. నదివైపు దిగే ఒక పలకరాతి వాలు మీద కూలే ద సెరాన్ ద్రాక్షతోట ఉంది. విస్తీర్ణం ఏడు హెక్టార్లు, అంటే సుమారు పదిహేడు ఎకరాలు. 1130 ప్రాంతంలో సిస్టర్సియన్ క్రైస్తవ సన్యాసులు ఇక్కడ మొదట ద్రాక్ష నాటారని, అప్పటినుంచి ఈ నేల మీద ద్రాక్ష తప్ప మరో పంట వేయలేదని ఎస్టేట్ చరిత్ర చెబుతుంది. పండించేది ఒకే రకం, తెల్లద్రాక్ష జాతి అయిన షెనిన్ బ్లాన్. పక్కనే ఉన్న మరో రెండు చెక్కలను కలుపుకుంటే ఎస్టేట్ మొత్తం పదిహేను హెక్టార్లకు అటూ ఇటూగా ఉంటుంది.

ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరు ఇచ్చేది ఊరు, నేల. ఏ నేల మీద పండిన ద్రాక్షకు ఏ పేరు వాడుకోవచ్చో చట్టం నిర్ణయిస్తుంది. అలాంటి పేర్లను వందల మంది రైతులు పంచుకోవడం మామూలు. కూలే ద సెరాన్ మాత్రం ఒకే యజమాని చేతిలో ఉన్న పేరు. బర్గండీలోని రొమానే-కొంతీ, రోన్ లోయలోని షాతో-గ్రియే కూడా ఇలాంటివే. తోట ఎంత చిన్నదైనా పేరు మొత్తం ఒక కుటుంబానిదే కావడం వల్ల వాళ్లు తీసుకునే ప్రతి సాగు నిర్ణయం నేరుగా ఆ పేరు విలువను పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. ఈ సంగతి తర్వాత డబ్బు లెక్క దగ్గర పనికొస్తుంది.

జోలీ కుటుంబం ఈ ఎస్టేట్‌ను 1960ల తొలినాళ్లలో కొన్నది. కొడుకు నికొలా జోలీ అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి, న్యూయార్క్, లండన్ నగరాల్లో బ్యాంకు ఉద్యోగం చేసి, 1970ల రెండో సగంలో ఇంటికి తిరిగొచ్చారు. అప్పటికి ఫ్రాన్స్ అంతటా వ్యవసాయ సలహాదారులు ద్రాక్ష రైతులకు కలుపు మందులు వాడమని గట్టిగా చెబుతున్నారు. కలుపు తీసే కూలీ ఖర్చు మిగులుతుందన్నది వారి వాదన, అందులో అబద్ధమేమీ లేదు కూడా. జోలీ ఆ సలహా పాటించారు. రెండేళ్లలోనే నేల రంగు మారిందని, కీటకాలు, పక్షులు తగ్గిపోయాయని ఆయన తర్వాత పలుచోట్ల చెప్పారు. ఆ సమయంలోనే బయోడైనమిక్ వ్యవసాయం గురించిన పుస్తకం ఒకటి ఆయన చేతికి వచ్చింది. 1980లో కొద్ది భాగంలో ప్రయోగం మొదలుపెట్టి, 1984 నాటికి తోట మొత్తాన్ని ఆ పద్ధతిలోకి మార్చారు. ఇప్పుడు కూతురు వర్జినీ జోలీ బాధ్యతలు చూస్తున్నారు.

ఈ దారిలో జోలీ మొదటివారు కారు. అల్సాస్ ప్రాంతంలో 1969లోనే ఈ పద్ధతికి మారిన ద్రాక్ష రైతు ఉన్నారు. అయితే దేశదేశాలు తిరిగి ప్రచారం చేసినవారు, 2001లో ఈ పద్ధతి పాటించే ఎస్టేట్లను ఒక సంఘంగా కూడగట్టినవారు జోలీయే. బర్గండీలో పేరున్న ఎస్టేట్ డొమేన్ లెరువా 1988లో మారింది. డొమేన్ లెఫ్లేవ్ 1990లో ప్రయోగాలు మొదలుపెట్టి 1997 నాటికి పూర్తిగా మారింది. ఈ పేర్లు వచ్చి చేరాక బయోడైనమిక్ అన్న మాటను వైన్ వ్యాపారులు తోసిపుచ్చడం కష్టమైంది.

కోబర్‌విట్జ్ ప్రసంగాలు

ఈ పద్ధతికి మూలం ద్రాక్షతోటలో లేదు. ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ 1924 జూన్‌లో, అప్పట్లో జర్మనీలో ఉండి నేడు పోలెండ్‌లో ఉన్న కోబర్‌విట్జ్ అనే ఊళ్లో, ఒక జమీందారు ఎస్టేట్‌లో రైతులకు ఎనిమిది ప్రసంగాలు చేశారు. రసాయన ఎరువులు వచ్చాక విత్తనాలు, పశువులు బలహీనపడుతున్నాయని ఫిర్యాదు చేసిన రైతులే ఆయన్ను పిలిచారు. స్టైనర్ రైతు కారు. ఆయన చెప్పింది పొలం ప్రయోగాల నుంచి వచ్చినది కాదు, తన ఆధ్యాత్మిక దర్శనం నుంచి వచ్చినది. మరుసటి ఏడాది మార్చిలోనే ఆయన మరణించారు. ఆ ప్రసంగాలను పొలం పద్ధతులుగా మలచిన పని శిష్యులది. మరో సంగతి ఏమిటంటే స్టైనర్ మద్యం తాగేవారు కారు, మద్యం మనిషి ఆత్మవికాసానికి అడ్డమని బోధించేవారు కూడా. ఆయన పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా ఎక్కువ ప్రచారం తెచ్చిపెట్టింది వైన్ కావడం ఆయన ఊహించి ఉండని మలుపు.

ప్రసంగాల్లో రెండు ఆలోచనలు కీలకం. పొలం ఒక జీవి లాంటిది కాబట్టి దానికి కావలసిన ఎరువు, మేత, విత్తనం వీలైనంతవరకు అందులోనే పుట్టాలన్నది మొదటిది. నేల, మొక్క కేవలం రసాయన పోషకాలతో బతకవని, భూమి నుంచి, ఆకాశం నుంచి వచ్చే శక్తులు వాటిపై పనిచేస్తాయని, కొన్ని ప్రత్యేక తయారీలతో ఆ శక్తులను పిలవవచ్చని చెప్పేది రెండోది. మొదటి ఆలోచన నేటి వ్యవసాయ శాస్త్రానికి కొత్త కాదు, అభ్యంతరకరమూ కాదు. వివాదమంతా రెండోదాని చుట్టూనే.

కొమ్ము లోపల, తొట్టి లోపల

ప్రత్యేక తయారీలకు 500 నుంచి 508 వరకు సంఖ్యలున్నాయి. ప్రసిద్ధమైనది 500, అంటే కొమ్ము ఎరువు. ఈనిన ఆవు కొమ్ములో పాలిచ్చే ఆవుల తాజా పేడను కూరి, శరదృతువులో గోతిలో వరుసగా పేర్చి మట్టి కప్పుతారు. వసంతంలో తవ్వి తీసేసరికి ఆకుపచ్చటి పేడ ముద్ద కాస్తా నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన పోయి అడవి మట్టి వాసనతో తయారవుతుంది. 501లో పేడకు బదులు మెత్తగా నూరిన పలుగురాయి పొడి నింపి వేసవిలో పాతిపెడతారు. 502 నుంచి 507 వరకు ఉన్నవి కంపోస్టు కుప్పలో కలిపేవి. యారో పూలను మగ జింక మూత్రాశయంలో, కామోమిల్ పూలను ఆవు పేగులో, ఓక్ బెరడును పెంపుడు జంతువు పుర్రెలో ఉంచి మాగబెడతారు. నెటిల్, డాండెలియన్, వలేరియన్ మొక్కలవి మిగిలినవి. 508 హార్స్‌టెయిల్ మొక్క కషాయం, దాన్ని శిలీంధ్రాలకు వ్యతిరేకంగా వాడతారు.

వాడే విధానం కూడా నియమబద్ధమే. హెక్టారుకు సుమారు వంద గ్రాముల కొమ్ము ఎరువును ముప్పై నుంచి ముప్పై అయిదు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో వేసి, చెక్క తొట్టిలో గంటసేపు కలుపుతారు. ఒక దిక్కుగా తిప్పి, నడుమ లోతైన సుడి ఏర్పడగానే ఆపి, ఎదురు దిక్కుకు తిప్పుతారు. నీరు కకావికలై మళ్లీ సుడి కట్టాక మరోసారి దిశ మారుస్తారు. గంట పూర్తయ్యాక ఆలస్యం లేకుండా, సాయంత్రం పూట, పెద్ద చినుకులుగా నేల మీద చల్లుతారు. పలుగురాయి తయారీ అయితే హెక్టారుకు నాలుగు గ్రాములే. దాన్ని పొద్దుపొడుపు వేళ ఆకుల మీద సన్నటి తుంపరగా కొడతారు.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడాలి. ఒక హెక్టారు ద్రాక్షతోట ఏడాదిలో నేల నుంచి తీసుకునే నత్రజని పదుల కిలోల్లో ఉంటుంది. వంద గ్రాముల పేడలో ఉండే నత్రజని గ్రాముల్లో ఉంటుంది. కాబట్టి కొమ్ము ఎరువు పోషకంగా పనిచేసే అవకాశం లేదు, ఆ పద్ధతి పాటించేవారు కూడా అలా చెప్పరు. తెలుగు నేలమీద ప్రకృతి సేద్యం చేసే రైతులకు తెలిసిన జీవామృతంతో దీన్ని ఒకే గాటన కట్టడం ఈ కారణంగానే సరికాదు. జీవామృతంలో ఎకరానికి పది కిలోల పేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు మట్టి రెండు వందల లీటర్ల నీటిలో వేసి పులియబెడతారు. బెల్లం, పిండి తిని సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని నేలకు అందిస్తారు. ఆ వాదన ఎంతవరకు నిజమో తేల్చడానికి సూక్ష్మజీవులను లెక్కపెడితే చాలు. కొమ్ము ఎరువు వెనుక ఉన్న వాదన శక్తుల గురించినది. దాన్ని లెక్కపెట్టే పరికరం లేదు. పంటలో, నేలలో వచ్చే తేడా ద్వారా మాత్రమే పరీక్షించగలం.

చంద్రుడి పంచాంగం, కార్తెలు

బయోడైనమిక్ రైతులు చాలామంది మరియా తూన్ అనే జర్మన్ మహిళ రూపొందించిన పంచాంగాన్ని అనుసరిస్తారు. చంద్రుడు వృషభ, కన్య, మకర రాశుల్లో ఉన్నప్పుడు వేరు రోజులు. కర్కాటక, వృశ్చిక, మీన రాశుల్లో ఆకు రోజులు. మిథున, తుల, కుంభ రాశుల్లో పువ్వు రోజులు. మేష, సింహ, ధనుస్సుల్లో పండు రోజులు. ద్రాక్ష పండు పంట కాబట్టి కత్తిరింపు, కోత వంటి పనులను పండు రోజుల్లో చేయడానికి ప్రయత్నిస్తారు. ఈ పంచాంగం ఆకాశంలో కనిపించే నక్షత్ర మండలాలనే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి మన నిరయన పద్ధతికి దగ్గరగా ఉంటుంది.

ఇది చూడగానే కార్తెలు గుర్తుకు రావడం సహజం. కానీ రెండింటి పనితీరు వేరు. కార్తె సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న దాన్ని బట్టి వస్తుంది, పదమూడు పద్నాలుగు రోజులుంటుంది, ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది. మృగశిర కార్తె ప్రతి ఏడూ జూన్ మొదటి పక్షంలోనే వస్తుంది కనుక అందులో రుతుపవనాల రాక గురించిన తరతరాల పరిశీలన ఇమిడి ఉంది. చంద్రుడు రాశిచక్రం మొత్తాన్ని 27 రోజుల చిల్లరలో చుట్టేస్తాడు. ఒక పండు రోజుకూ తర్వాతి వేరు రోజుకూ మధ్య వాతావరణంలో, నేలలో తప్పనిసరిగా మారేదేమీ లేదు. కార్తె రుతువు గురించి చెబుతుంది, తూన్ పంచాంగం రుతువు గురించి ఏమీ చెప్పదు. ఒకదాని మీద ఉన్న నమ్మకాన్ని మరోదానికి అరువివ్వడం కుదరదు.

కొందరు వ్యాపారులు ఈ పంచాంగాన్ని వైన్ రుచి చూసే రోజులకు కూడా వాడుతున్నారు. న్యూజిలాండ్‌లో దీన్ని నేరుగా పరీక్షించారు. వైన్ వృత్తిలో ఉన్న 19 మందికి పీనో న్వార్ అనే ద్రాక్ష జాతితో చేసిన 12 వైన్లను ఏది ఏదో చెప్పకుండా పండు రోజున, వేరు రోజున రుచి చూపించారు. 2017లో ప్రచురించిన ఫలితం ప్రకారం రోజును బట్టి వారి అంచనాల్లో తేడా రాలేదు.

పరిశోధనలు తేల్చింది, తేల్చనిది

బయోడైనమిక్ తోటను పక్కనున్న రసాయన తోటతో పోల్చి, నేల బాగుందని చెప్పే నివేదికలు చాలా కనిపిస్తాయి. వాటిలో చాలావరకు నిజమే. కానీ ఆ పోలికతో కొమ్ము గురించి ఏమీ తెలియదు. రసాయనాలు మానేసినందుకు, కంపోస్టు వేసినందుకు, గడ్డి పెరగనిచ్చినందుకు వచ్చిన ఫలితమంతా అందులో కలిసి ఉంటుంది. తేల్చాలంటే మూడు మళ్లు కావాలి. ఒకటి రసాయన సాగు, ఒకటి మామూలు సేంద్రియ సాగు, మూడోది అదే సేంద్రియ సాగుకు ప్రత్యేక తయారీలు చేర్చినది.

ఇలాంటి దీర్ఘకాల ప్రయోగాల్లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరం దగ్గర 1978లో మొదలైనది ముఖ్యమైనది. అక్కడ పండించేది ద్రాక్ష కాదు, గోధుమ, బంగాళాదుంప వంటి పంటలు. 2002లో వెలువడిన 21 ఏళ్ల ఫలితాల ప్రకారం సేంద్రియ పద్ధతుల్లో దిగుబడి సగటున 20 శాతం తగ్గింది. ఎరువులు, ఇంధనం వాడకం 34 నుంచి 53 శాతం, పురుగుమందుల వాడకం 97 శాతం తగ్గాయి. నేలలో సూక్ష్మజీవుల చురుకుదనం పెరిగింది, బయోడైనమిక్ మళ్లలో అది ఇంకాస్త ఎక్కువగా కనిపించింది. అయితే ఆ మళ్లలో వేసిన ఎరువు బాగా చివికిన కంపోస్టు, సేంద్రియ మళ్లలో వేసినది అంతగా మాగని ఎరువు. అందువల్ల తేడా కొమ్ముదా, కంపోస్టుదా అన్నది ఆ ప్రయోగం నుంచి స్పష్టంగా విడదీయలేం.

ద్రాక్షపై జరిగిన ప్రయోగాలు మరింత సూటిగా ఉన్నాయి. కాలిఫోర్నియాలో మెర్లో అనే ద్రాక్ష జాతి తోట ఒకదానిలో సేంద్రియ, బయోడైనమిక్ భాగాలను పోల్చి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి ఆరేళ్లలో నేల నాణ్యతలో తేడా కనిపించలేదు. ఒక ఏడాది ద్రాక్ష చక్కెరలో స్వల్ప తేడా కనిపించింది. జర్మనీలోని గైసెన్‌హైమ్ పరిశోధన కేంద్రంలో రీస్లింగ్ రకంపై 2006 నుంచి జరుగుతున్న ప్రయోగంలోనూ అదే ధోరణి. రసాయన సాగుతో పోలిస్తే సేంద్రియ, బయోడైనమిక్ తీగలు రెండూ తక్కువ ఏపుగా పెరిగి తక్కువ కాశాయి, ఆ రెండింటి మధ్య తేడా మాత్రం నామమాత్రం.

దిగుబడి తగ్గడం ఇక్కడ నష్టమని మాత్రమే అనుకుంటే వైన్ ద్రాక్ష సంగతి అర్థం కాదు. వరుసల మధ్య గడ్డి నీటికి, నత్రజనికి పోటీ పడటం వల్ల తీగ ఏపు తగ్గుతుంది, గుత్తులు కాస్త వదులుగా కడతాయి, గాలి ఆడటంతో కుళ్లు తగ్గుతుంది. పొటాష్ ఎరువులు ఎక్కువైతే రసంలో పులుపు పడిపోతుంది. అవి మానేసినప్పుడు పులుపు నిలబడటానికి అవకాశం ఉంటుంది. కలుపు మందు బదులు దున్నితే పైపై వేర్లు తెగి, తీగ లోతుకు వేరు తన్నుతుంది. వైన్‌లో రుచి తేడా వచ్చిందంటే దానికి ఇవన్నీ నేల మీద చూపగలిగే కారణాలు.

రుచి సంగతికొస్తే, ఫ్రాన్స్‌లో 1,28,000కు పైగా వైన్లకు నిపుణులు ఇచ్చిన మార్కులను పరిశీలించి 2021లో ప్రచురించిన ఆర్థిక శాస్త్ర అధ్యయనంలో, ధ్రువీకరణ ఉన్న సేంద్రియ వైన్ల కంటే కూడా ధ్రువీకరణ ఉన్న బయోడైనమిక్ వైన్లకు ఎక్కువ మార్కులు వచ్చినట్లు తేలింది. ఈ ఫలితాన్ని తేలిగ్గా తీసుకోలేం. అలాగని కారణాన్ని కొమ్ముకు అంటగట్టలేం. ఈ శ్రమకు, ఖర్చుకు, తనిఖీలకు సిద్ధపడే ఎస్టేట్లు ముందునుంచే ప్రతి తీగనూ పట్టించుకునేవి కావచ్చు. రోజూ తోటలోకి వెళ్లి చూడక తప్పని పద్ధతి కాబట్టి ఆ చూపే నాణ్యతగా మారి ఉండవచ్చు. గంటసేపు తొట్టి దగ్గర నిలబడి నీళ్లు తిప్పే రైతు, ఆ తర్వాత తోటంతా నడిచి చల్లే రైతు, ఏ వరుసలో ఆకు పసుపు తిరిగిందో ట్రాక్టరు మీద వెళ్లేవాడి కంటే ముందే చూస్తాడు. ఈ పద్ధతిలోని అసలు బలం ఇక్కడే ఉందని అనుకోవడానికి ఆధారాలు ఎక్కువ.

బూజు తెగులు, మైలుతుత్తం

బయోడైనమిక్ ద్రాక్ష రైతు నిద్ర చెడగొట్టేది వసంతకాలపు వాన. 1878లో అమెరికా నుంచి ఫ్రాన్స్‌కు చేరిన బూజు తెగులు అప్పటినుంచి వదలలేదు. దానికి విరుగుడు దొరికిన కథ బోర్డో ప్రాంతానిది. దారిన పోయేవాళ్లు గుత్తులు కోసుకోకుండా రోడ్డు పక్క తీగలకు మైలుతుత్తం (రాగి లవణం), సున్నం కలిపి పూసేవారు. ఆ తీగలకే తెగులు రాలేదని గమనించిన మిల్లార్దే అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1885లో ఆ మిశ్రమాన్ని వెల్లడించారు. మన బత్తాయి, నిమ్మ, తమలపాకు రైతులు వాడే బోర్డో మిశ్రమం అదే.

సేంద్రియ, బయోడైనమిక్ సాగుల్లో బూజు తెగులుకు ఇప్పటికీ ఇదే ప్రధాన ఆయుధం. బూడిద తెగులుకు గంధకం వాడతారు. కషాయాలు, హార్స్‌టెయిల్ నీళ్లు తోడుగా ఉంటాయే గానీ ఒంటరిగా నిలబెట్టవు. రసాయన మందుల్లో చాలావి ఆకు లోపలికి ఇంకి పనిచేస్తాయి. రాగి మందు ఆకు పైన పూతగా మాత్రమే ఉంటుంది. గట్టి వాన పడితే కడుక్కుపోతుంది, మళ్లీ కొట్టాలి. తీగకు కొత్త చిగురు వచ్చిన కొద్దీ ఆ చిగురుకు రక్షణ ఉండదు, మళ్లీ కొట్టాలి. పైగా రాగి నేలలో కరిగి మాయమవదు, పేరుకుంటూ పోయి వానపాములకు, సూక్ష్మజీవులకు హాని చేస్తుంది. అందుకే ఐరోపా సంఘం 2019 నుంచి హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోలు, అంటే ఏటా సగటున నాలుగు కిలోలు మించి వాడకూడదని పరిమితి పెట్టింది. బయోడైనమిక్ ముద్ర ఇచ్చే డిమీటర్ సంస్థ పరిమితి ఇంకా తక్కువ, ఏటా సగటున మూడు కిలోలు. నేలను కాపాడాలన్న పద్ధతే నేలకు హాని చేసే లోహం మీద ఆధారపడి ఉండటం దీనిపై వచ్చే విమర్శలన్నిటిలో గట్టిది. దీనికి ఇప్పటివరకు సంతృప్తికరమైన జవాబు లేదు.

బోర్డోలోని షాతో పోంతే-కానే అనుభవం ఈ ఇరకాటానికి మంచి ఉదాహరణ. 81 హెక్టార్ల ఈ ఎస్టేట్ 2004లో బయోడైనమిక్ దారి పట్టింది. 2007లో తెగులు ముంచుకొచ్చినప్పుడు రసాయన మందు కొట్టి వెనక్కి తగ్గింది, తర్వాత పట్టుదలగా కొనసాగించి 2010లో ధ్రువీకరణ సాధించింది. 2018లో మళ్లీ తెగులు వచ్చినప్పుడు రసాయనం ముట్టకపోగా, పంటలో సుమారు మూడింట రెండు వంతులు పోయింది. ఆ నష్టాన్ని తట్టుకోగలిగిందంటే దాని సీసా ధరే కారణం. సీసా అయిదారు యూరోలకు అమ్ముకునే రైతుకు అలాంటి ఏడాది రెండోసారి వస్తే తోట మిగలదు.

చిన్నతోట డబ్బు లెక్క

కూలే ద సెరాన్‌లో దిగుబడి హెక్టారుకు సాధారణంగా రెండు వేల నుంచి రెండున్నర వేల లీటర్ల మధ్య ఉంటుంది. ఫ్రాన్స్‌లో ఎన్నో ప్రాంతాల్లో నియమాలు ఇందుకు రెట్టింపు అనుమతిస్తాయి. ఏడు హెక్టార్ల మీద ఏటా వచ్చేది ఇరవై వేల సీసాలకు అటూ ఇటూ. నిటారు వాలు మీద ట్రాక్టరు నడవదు కాబట్టి గుర్రంతో దున్నుతారు. శీతాకాలంలో గొర్రెలు వరుసల మధ్య గడ్డి మేస్తాయి. కంపోస్టు ఎస్టేట్ సొంత ఆవుల పేడ నుంచి వస్తుంది. కోత ఒక్కసారిగా జరగదు. పండు పసుపు తిరిగి, బూజు తెగులు కాని బోట్రైటిస్ అనే మరో బూజు కొంత పట్టి, చక్కెర చిక్కబడేవరకు ఆగి, అదే తోటను కొన్ని వారాల్లో నాలుగైదుసార్లు కోస్తారు. రసం పులియడానికి బయటి ఈస్ట్ కలపరు, ద్రాక్ష తొక్క మీద, వైన్ తయారయ్యే నేలమాళిగలో ఉన్నదే పనిచేస్తుంది. కొత్త చెక్క పీపాల వాడకం బాగా తక్కువ.

దీని ఫలితంగా వచ్చే వైన్ అందరికీ నచ్చదు. రంగు ముదురుగా, ఆల్కహాలు ఎక్కువగా, తేనె, ఎండు పండ్ల వాసనతో ఉంటుంది. తాగడానికి ఒక రోజు ముందే సీసా తెరవమని ఎస్టేట్ సలహా ఇస్తుంది. ఆక్సిజన్ తగిలి ముందే ముసలైన రుచి వస్తోందని, ఏడాదికీ ఏడాదికీ తేడా ఎక్కువని కొందరు విమర్శకులు తప్పుపడతారు, ఆ తేడాయే నేల మాట్లాడటమని జోలీ వర్గం సమాధానమిస్తుంది. ఈ వాదన తేలేది కాదు. తేల్చాల్సిన అవసరం కూడా మార్కెట్‌కు లేదు. ప్రపంచమంతటా కలిపి ఏటా ఇరవై వేల సీసాలను కోరి కొనేవారు దొరికితే చాలు, లక్షల సీసాలు అమ్మాల్సిన కంపెనీలాగా అందరినీ మెప్పించనక్కర్లేదు.

కాబట్టి ఈ పద్ధతి చిన్న ఎస్టేట్లకు నప్పుతుందంటే కారణం విస్తీర్ణం ఒక్కటే కాదు. తక్కువ దిగుబడి, ఎక్కువ కూలీ, చెడ్డ ఏడాది నష్టం, ఈ మూడింటినీ భరించగల ధర ఉండాలి. సొంత పేరు మీద సీసా అమ్మే ఎస్టేట్‌కు ఆ ధర వస్తుంది. ద్రాక్షను సహకార సంఘానికి కిలోల లెక్కన తోలే చిన్న రైతుకు రాదు, అతని తోట ఏడు హెక్టార్లే అయినా సరే.

పొరుగు తోట, చట్టం

తోట చుట్టూ గీత గీసి అదొక స్వయంపూర్ణ జీవి అనుకున్నా, తెగుళ్లు ఆ గీతను గౌరవించవు. ఫ్లావెసెన్స్ దొరే అనే తీగ జబ్బు ఒక రకం దీపపు పురుగు ద్వారా తోట నుంచి తోటకు పాకుతుంది, సోకాక నయం చేసే మందు లేదు, ఆ తీగను పీకేయాల్సిందే. 2013లో బర్గండీలోని కోత్-దోర్ జిల్లా యంత్రాంగం ద్రాక్షతోటలన్నిటిలో పురుగుమందు తప్పనిసరి చేసింది. బోన్ పట్టణం దగ్గర పది హెక్టార్లు బయోడైనమిక్ పద్ధతిలో సాగుచేసే ఎమ్మాన్యుయెల్ జిబులో, తన తోటలో జబ్బు లేదని, మందు కొడితే మేలు చేసే పురుగులు కూడా చస్తాయని నిరాకరించారు. 2014 ఏప్రిల్‌లో దిజోన్ కోర్టు ఆయనకు వెయ్యి యూరోల జరిమానా వేసి, అందులో సగాన్ని నిలిపి ఉంచింది. అదే ఏడాది డిసెంబరులో అప్పీలు కోర్టు ఆయన్ను నిర్దోషిగా వదిలేసింది. వేలమంది ఆయనకు మద్దతు పలికినా, సాటి రైతుల్లో కోపగించినవారు తక్కువేమీ కాదు. ఒకరి తోటలో వదిలేసిన పురుగు పక్కవాడి తీగను చంపగలదన్నది వారి భయం, ఆ భయంలో అర్థముంది.

సీసా మీద రాసి ఉండేది

లేబుళ్ల విషయంలో గందరగోళానికి కారణం, మూడు వేర్వేరు మాటలను దుకాణాలు ఒకే అర్థంలో వాడటం. సేంద్రియ అన్న మాటకు ఐరోపా చట్టం అండ ఉంది. తోట మారడానికి మూడేళ్లు పడుతుంది, ఏటా తనిఖీ జరుగుతుంది, 2012 నుంచి నేలమాళిగలో వాడే పదార్థాలకు కూడా పరిమితులున్నాయి. ఆకుపచ్చ నేపథ్యంలో నక్షత్రాలతో గీసిన ఆకు దాని గుర్తు. బయోడైనమిక్ అన్న పద్ధతికి ప్రభుత్వ చట్టం లేదు. డిమీటర్, బియోదివాన్ అనే ప్రైవేటు సంస్థలు తమ నియమాలతో ముద్ర ఇస్తాయి. సేంద్రియ ధ్రువీకరణ ఉన్న తోటకే ఆ ముద్ర దొరుకుతుంది, ఆపైన 500, 501 తయారీలు చల్లి తీరాలి. సహజ వైన్ అన్నది ఎక్కువగా నేలమాళిగలో ఏమీ కలపలేదని చెప్పుకునే మాట, దాని వెనుక తోట ఎలా సాగైందో ఆ మాట ఒక్కదాన్ని బట్టి చెప్పలేం.

ముద్ర లేకుండానే ఈ పద్ధతి పాటించే ఎస్టేట్లు ఉన్నాయి, తనిఖీ రుసుము దండగని భావించేవి కొన్ని, చెడ్డ ఏడాది రసాయనం వాడే వెసులుబాటు వదులుకోలేనివి కొన్ని. బయట చూసేవారికి ఈ రెంటినీ వేరుచేయడం కుదరదు. 2021 నాటి అధ్యయనంలో, తామే సేంద్రియమని చెప్పుకున్నా ధ్రువీకరణ లేని వైన్లకు అలాంటి మార్కుల ఆధిక్యం కనిపించలేదు.